బల్ల మీద మిగిలిన జత

పోయిన వారం చెప్పులత్తను బోర్డుల పాకలో, ఒక చేతిలో కొత్త శాండల్సుతో, ఇంకో చేత్తో తలుపు గడియ పట్టుకుని ఉండగా వదిలేసి మన దారిన మనం వచ్చేశాం. పాపం, అప్పటి నుంచీ ఆవిడ అలాగే నిలబడి ఉంది. ఇంకా ఆలస్యం చేస్తే మనసు మార్చుకుని ఇంటికి వెళ్లిపోయే రకం. కాబట్టి ఇప్పుడే కథలోకి వచ్చిన వాళ్లకు నాలుగు ముక్కలు చెప్పి, ఆవిడను బయటికి పంపేద్దాం.

ఆ ఊరికి సముద్రమే బతుకుతెరువు. ఎక్కడెక్కడి నుంచో జనం అలల మీద బోర్డులు ఎక్కడానికి వస్తారు. పగలంతా నీళ్లలో పడి లేస్తారు, చీకటి పడ్డాక తీరం వెనక వీధిలో పడి లేస్తారు. నీళ్లలోకి దిగే ప్రతి మనిషీ బోర్డుల పాక ముందున్న పొడుగాటి చెక్క బల్ల మీద తన చెప్పులు, మడమలు సముద్రం వైపు ఉండేలా, విడిచి వెళ్లాలి. తిరిగొచ్చి తొడుక్కోవాలి. పొద్దుగూకేసరికి బల్ల ఖాళీ కావాలి. ఒక్క జత మిగిలినా ఎవరో ఇంకా నీళ్లలో ఉన్నట్టే. ఒడ్డున కాపలా ఉండే గార్డులు హారన్ మోగిస్తారు, వీధిలో పాటలు ఆపేస్తారు, ఈత వచ్చిన వాళ్లంతా ఒడ్డుకు పరిగెత్తాలి. ఈ కట్టుబాటు పెట్టింది చెప్పులత్తే. ఆవిడ భర్త ఒక సాయంత్రం నీళ్లలోకి వెళ్లి మళ్ళీ రాలేదు. రాలేదన్న సంగతి మర్నాడు పొద్దుటిదాకా ఏ ఒక్కరూ గమనించలేదు. ఆ ఏడాదే బల్ల వచ్చింది. దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చున్న మనిషి ఇప్పటికీ లేవలేదు.

ఆవిడకు ఒక్కతే కూతురు. కొత్తవాళ్లకు బోర్డు మీద నిలబడటం నేర్పుతుంది. ఆమధ్య ఆ పిల్ల రాత్రి వీధిలో స్నేహితులతో డాన్సు చేస్తుంటే తల్లి వెళ్లి, అందరూ చూస్తుండగా రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చింది. నలుగురిలో నా తల తీసేశావంది ఆ పిల్ల. అప్పటి నుంచి కూతురు మాట్లాడటం మానేసింది. పెట్టింది తింటుంది, అడిగినదానికి తలూపుతుంది, అంతే. ఆ మౌనం పడలేక తల్లి మొన్న ఒక మాట అనేసింది, "నేను ఏ సముద్రంలోనో పడి చస్తే గానీ నీ నోరు పెగలదు" అని. అమ్మలు ఇలాంటివి అంటూనే ఉంటారు. అన్నం చల్లారిపోతోందన్నా అదే మాట, తల దువ్వుకోలేదన్నా అదే మాట. ఎవరూ పట్టించుకోరు.

ఇలాంటి మనిషి, రాత్రి వీధి పేరెత్తితే కస్సుమనే మనిషి, తలనొప్పిగా ఉంది పడుకుంటానని కూతురికి చెప్పి, వెనక గుమ్మం గుండా బయటపడి, పాకలో బోర్డులకు పూసే మైనం డబ్బాల వెనక దాచుకున్న కొత్త శాండల్సు తీసింది. బోర్డు మేస్త్రీ రమ్మన్నాడు. ఇదీ సంగతి. ఇక పదండి.

ఆవిడ గడియ తీసింది. పాత రబ్బరు చెప్పులు విప్పి శాండల్సు తొడుక్కుంది. విప్పినవి ఎక్కడ పెట్టాలి? మీరైనా నేనైనా తలుపు చాటుకు కాలితో తోసేసేవాళ్లం. కానీ ఆ తీరంలో కాలి నుంచి ఊడిన చెప్పు వెళ్లే చోటు ఒకటే. ఆవిడ బుర్ర ఎక్కడో ఉంది, జుట్టు మరీ నున్నగా దువ్వానేమో, ఈ రంగు నా వయసుకు నప్పుతుందో లేదో అని. బుర్ర ఆ గొడవలో ఉండగా చెయ్యి తన అలవాటైన పని తాను చేసుకుపోయింది. చెప్పులు రెండూ జత చేసి, మడమలు సముద్రం వైపు ఉండేలా, బల్ల మీద పెట్టింది. సాయంత్రం 'బల్ల ఖాళీ' అని గార్డులకు చెప్పి ఇళ్లకు పంపింది కూడా ఆవిడే. తర్వాత వెనక్కి తిరిగి చూడకుండా వీధి వైపు నడిచింది.

రాత్రి వీధి గురించి ఆవిడకు తెలిసినదంతా పొద్దున్నే కనిపించే దాని మురికే. ఖాళీ సీసాలు, ఒంటరి చెప్పు, గోడకు చేరగిలబడి నిద్రపోయే మనిషి. మొదలయ్యే వేళకు అది ఎలా ఉంటుందో ఆవిడ ఎన్నడూ చూడలేదు, కూతురి కోసం వచ్చిన రాత్రి కూడా కూతుర్ని తప్ప దేన్నీ చూడలేదు. కొబ్బరి చెట్ల మధ్య తాళ్లకు కట్టిన రంగు బల్బులు వెలుగుతున్నాయి. గోడల్లేని హోటళ్ల ముందు బోర్డులు ఆనించి ఉన్నాయి. ఉప్పుకు బిరుసెక్కిన జుట్టుతో, ఎండకు ముక్కు కమిలిన మొహాలతో కుర్రకారు బల్లల మీద మోచేతులు ఆనించి, పొద్దున ఎక్కిన అల ఎంత ఎత్తుందో చేతులెత్తి చూపించుకుంటున్నారు. ఆ చేతులు ఎత్తే ఎత్తు ప్రతి గ్లాసుకూ పెరుగుతోంది. ఎవరి దగ్గర చూసినా వేయించిన చేప వాసన, ఎండకు పూసుకునే క్రీము వాసన. ఆవిడ తల వంచుకుని నడుస్తోంది. తల వంచుకుంటే తనెవరికీ కనబడనని ఆవిడ నమ్మకం.

వీధి చివర, డోలు కొట్టే చోట, బోర్డు మేస్త్రీ అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఈయనను తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. ఊళ్లో బోర్డులన్నీ ఆయన చెక్కినవే. చెయ్యి పెట్టి తడిమి, ఇది ఏ అలకు సరిపోతుందో చెప్పగలడు. కానీ ఆయనకు నీళ్లంటే భయం. చిన్నప్పుడు ఎవరో తోసేశారట. మోకాలి లోతు దాటి సముద్రంలో అడుగు పెట్టడు. అందుకే ఆ ఊళ్లో ఎప్పటికీ తెమలని పనికి ఒక సామెత పుట్టింది: మేస్త్రీ నీళ్లలో దిగిన రోజున అవుతుందిలే అంటారు. ఆయన ముందే అంటారు. ఆయన కూడా నవ్వుతాడు.

ఆ సాయంత్రం ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి వేసుకున్నాడు. కాళ్లకు నల్ల బూట్లు, కొత్తవి, లేసులు బిగించి ముడేశాడు. కాలి మీద కాలు వేసుకుని కూర్చుంటే ఎడమ బూటు అడుగున కొట్టువాడు అంటించిన సైజు చీటీ ఇంకా కనబడుతోంది. చెప్పులత్తకు నవ్వాగలేదు. చెప్పుల విషయంలో ఆవిడ కన్ను ఎప్పుడైనా తప్పిందా! మేస్త్రీ గారూ, చీటీ తీయడం మరిచిపోయారా, నచ్చకపోతే రేపు తిరిగి ఇచ్చేస్తారా అని అడిగింది. ఆయన చెవుల దాకా ఎర్రబడి, మీ కాళ్లకు కూడా కొత్తవే ఉన్నాయి కదండీ, మీరేం చేస్తారు అన్నాడు. అంతే, ఇద్దరూ పిల్లల్లా నవ్వుకున్నారు.

తర్వాత ఆవిడ డాన్సు చేసింది. రాయడానికి నాకు సిగ్గేమీ లేదు. మేస్త్రీ లేవమన్నాడు, వద్దంది, మళ్ళీ లేవమన్నాడు, లేచింది. మొదట రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఎవరి లోకంలో వాళ్లున్నారు. డోలు చప్పుడు కాళ్లలోకి దిగాక కాళ్లే చూసుకున్నాయి. భర్త పోయాక ఆవిడ ఒళ్లు ఇంత తేలికగా ఎప్పుడూ లేదు. కూతుర్ని ఈడ్చుకొచ్చింది సరిగ్గా ఈ చోటు నుంచే. ఆ సంగతి గుర్తొచ్చింది, కానీ అప్పుడు దాన్ని పక్కకు తోసేసింది.

కూర్చున్నాక మేస్త్రీ గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ, ఇలా దొంగల్లా వేరే వేరే దారుల్లో రావడం తనకేం బాగాలేదన్నాడు. రేపు పొద్దున్నే ఇంటికొచ్చి అమ్మాయితో తానే మాట్లాడతానన్నాడు. అది విన్నాక ఆవిడకు చుట్టూ ఉన్న లైట్లు ఒక్కసారిగా పెద్దవైనట్టయింది. పక్క బల్ల దగ్గర ఎవరో గట్టిగా నవ్వారు. వాళ్ల గొడవేదో వాళ్లది. కానీ తనను చూసే నవ్వారనుకుంది. భయం వేసినప్పుడు ఆవిడ నోరు ఆవిడ చేతిలో ఉండదు.

"మీతో కనబడితే నా పరువేం కావాలి?" అంది. "నీళ్లలో దిగడానికి భయపడే మనిషి వచ్చి నా కూతురికి ఏం చెబుతాడు? ఊరంతా నవ్వుతుంది."

మేస్త్రీ గ్లాసు బల్ల మీద పెట్టి, అది తడి చేసిన చోటును బొటనవేలితో తుడిచాడు. ఆవిడ లేచి, వెనక సందులోకి వెళ్లిపోయింది.

ఇల్లు చేరడానికి మొహం చెల్లలేదు. మూసేసిన బట్టల కొట్టు మెట్ల మీద కూర్చుంది. శాండల్సు మడమ దగ్గర కరిచేశాయి. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నది మేస్త్రీనా, తననా? ఆయన నీళ్ల సంగతి ఊరంతా అంటుంది, కానీ తను ఇన్నేళ్లలో ఒక్కసారీ అనలేదు. అందుకే ఆయన తన పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. వెళ్లి క్షమించమని అడగాలనుకుంది. లేవబోయింది, మళ్ళీ కూర్చుంది. అలా ఎంతసేపు కూర్చుందో ఆవిడకే తెలియదు. అప్పుడు హారన్ మోగింది.

ముందు డోలు ఆగింది. తర్వాత ఒక్కో హోటల్లో పాట ఆగుతూ వచ్చింది. వీధంతా నిశ్శబ్దమయ్యాక దూరంగా సముద్రం హోరు వినబడింది. తర్వాత మైకులో గార్డు గొంతు. బల్ల మీద చెప్పులున్నాయి, ఆడమనిషి నీళ్లలో ఉంది, ఈత వచ్చిన వాళ్లంతా రండి అంటున్నాడు.

చెప్పులత్త దిగ్గున లేచింది. బల్ల ఖాళీ అని చెప్పింది తనే కదా. ముస్తాబు తొందరలో సరిగా చూసిందా? ఏ కొత్త పిల్లదో ఒక జత చివర్న ఉండిపోతే తను గమనించకుండా వచ్చేసిందా? ఇన్నేళ్ల మీద ఒక్క సాయంత్రం స్టూలు మీద నుంచి లేచి డాన్సుకు పోతే, ఆ సాయంత్రమే ఒక మనిషిని సముద్రం తీసుకుపోయిందా? శాండల్సు విప్పి చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో పరిగెత్తింది. గ్లాసులు వదిలేసి వస్తున్న గుంపు ఆవిడను కలుపుకుని ముందుకు పోయింది.

గుంపులో పక్కన పరిగెత్తుతున్న ఒక పొడుగాటి మనిషి ఊరికి కొత్త. ఆయాసపడుతూనే, అంత రాత్రివేళ ఒంటరిగా ఎవరు దిగుతారండీ అన్నాడు. ఎవరో బుద్ధిలేని మనిషి అయి ఉంటుంది, ఊరందరినీ రోడ్డు మీదికి ఈడ్చింది అంది చెప్పులత్త. తప్పు తనది కాదని ఎవరైనా అంటే బాగుండునని ఉంది ఆవిడకు.

"అలా అనకండి పాపం" అన్నాడు అతను. "ఎప్పుడూ చెప్పుల దగ్గర కూర్చునే ఆవిడట. కూతురు మాట్లాడటంలేదని దిగులు పెట్టుకుని దిగేసిందంటున్నారు."

ఆవిడ ఆగిపోయింది. వెనక వస్తున్నవాళ్లు భుజాలు రాసుకుంటూ పక్క నుంచి పోయారు. అప్పుడు గుర్తొచ్చింది, బల్ల మీద తన చెయ్యి పెట్టిన తన చెప్పులు. మడమలు సముద్రం వైపు.

ఒడ్డున లైట్లు ఊగుతున్నాయి. గార్డుల పడవ అలల వెనక తిరుగుతోంది. నీళ్లలో తలలు, బోర్డులు. ఊళ్లో సగం మంది ఆవిడ కోసం ముంచుకొస్తున్న అలల కింద చేతులు పెట్టి వెతుకుతున్నారు. ఆవిడ చూస్తే పూల చీరలో, నున్నగా దువ్విన తలతో, చేతిలో కొత్త శాండల్సుతో కొబ్బరి చెట్టు చాటున నిలబడి ఉంది. భూమి నోరు తెరిస్తే బాగుండుననుకుంది. తెరవలేదు. అనుకున్నప్పుడు అది ఎప్పుడూ తెరవదు.

ఒక దారి మాత్రం కనబడింది. దాన్ని ఆవిడ చూసిందని దాచడం నా వల్ల కాదు. చెట్ల వెనక నుంచి ఇంటికి పోవచ్చు. చీర మార్చుకుని, జుట్టు చెరుపుకుని, వంటింట్లో కటిక నేల మీద పడుకుంటే సరి. ఎవరైనా లేపితే కళ్లు నులుముకుంటూ, వేడికి ఇక్కడొచ్చి పడుకున్నాను, ఏమైందర్రా అనొచ్చు. చెప్పులా, అవి పాతవి, పారేద్దామని పెట్టాను అనొచ్చు. అందరూ నమ్ముతారు. చెప్పులత్త మాటను ఆ ఊళ్లో ఎవరు కాదంటారు? ఆవిడ అటు కొన్ని అడుగులు వేసింది కూడా.

అప్పుడు నీళ్లలోంచి ఒక గొంతు వినబడింది. "అమ్మా" అని. మళ్ళీ "అమ్మా" అని. పిలిచీ పిలిచీ బొంగురుపోయిన గొంతు. ఇంట్లో ఇన్నాళ్లూ ఏ మాట కోసం ఆవిడ మొహం వాచిపోయిందో ఆ మాట సముద్రం మీద నుంచి వస్తోంది. ఆవిడ వెనక్కి తిరిగి, చెట్ల చాటు దాటి, లైట్ల వెలుగులోకి నడిచింది.

మొదట చూసింది పెద్ద గార్డు. అతని చేతిలో మైకు కిందికి దిగింది. ఆవిడను కింది నుంచి పై దాకా చూసి, అత్తా అని మాత్రం అన్నాడు. తర్వాత హారన్ మూడుసార్లు మోగించాడు. మనిషి దొరికింది, అందరూ బయటికి రండి అని దానర్థం. ఒడ్డున ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టబోయి, పూల చీర చూసి, చేతులు మధ్యలోనే ఆపేశారు.

కూతురు అల మీద పడుతూ లేస్తూ వచ్చింది. బోర్డు వదిలేసి, ఇసుకలో మోకాళ్ల మీద పడి తల్లి కాళ్లు వాటేసుకుంది. ఏదో చెబుతోంది, సగం మాటలు ఏడుపులో పోతున్నాయి. తలనొప్పి బిళ్ల పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లిందట. ఆ వంకతో మాట కలుపుదామనుకుందట. మంచం ఖాళీగా ఉందట. వెతుక్కుంటూ వస్తే బల్ల మీద ఈ చెప్పులు కనబడ్డాయట, పరిగెత్తి గార్డులను లేపిందట.

"ఇంక మాట్లాడతానమ్మా" అంది. "రోజూ మాట్లాడతాను. నువ్వు తిట్టినా మాట్లాడతాను. ఇలా చేయకమ్మా."

నాలుగు తిట్లు తిట్టి ఉంటే చెప్పులత్తకు అంత నొప్పి ఉండేది కాదు. వంగి లేపబోయింది. వంగినప్పుడు చేతిలోని శాండల్సు కూతురి తడి భుజానికి తగిలాయి. ఆ పిల్ల తలెత్తి చూసింది. శాండల్సు చూసింది, చీర చూసింది, చీర పొడిగా ఉండటం చూసింది. తల్లి జుట్టులోంచి చేప వేయించిన వాసన, రాత్రి వీధి వాసన తెలిసినట్టుంది. పట్టుకున్న కాళ్లు వదిలేసి, మెల్లగా లేచి నిలబడింది.

"ఎక్కడికెళ్లావు?" అంది.

తల్లి శాండల్సును చీర కుచ్చిళ్ల చాటుకు లాక్కుంది.

"తలనొప్పన్నావు కదమ్మా."

అదే అన్నాను అంది తల్లి. అక్కడున్నవాళ్లంతా చటుక్కున తమ కాళ్లకంటిన ఇసుక దులుపుకోవడంలో పడ్డారు. ఆ రాత్రి డాన్సు దగ్గర నుంచి ఈడ్చుకొచ్చినప్పుడు జనం కళ్లప్పగించి చూశారు. ఇప్పుడు ఎవరూ చూడటంలేదు. చూడకపోవడమే ఎక్కువ సిగ్గుగా ఉంటుందని ఆవిడకు అప్పుడే తెలిసింది. కూతురు బల్ల దగ్గరికి నడిచి, తన చెప్పులు తొడుక్కుని, పక్కకు వెళ్లి నిలబడింది. మాట్లాడతానన్న నోరు మళ్ళీ మూతపడింది.

బల్ల ఖాళీ అయ్యేదాకా ఎవరూ ఇంటికి కదలకూడదు. అది ఆవిడ పెట్టిన పద్ధతే. తడి బట్టలతో ఒక్కొక్కరే వచ్చి తమ చెప్పులు తీసుకుంటున్నారు. ఆవిడ తన స్టూలు దగ్గరికి వెళ్లి కూర్చోలేదు, ఆ స్టూలు మీద కూర్చునే అర్హత పోయినట్టుంది. పక్కన నిలబడింది. అందరూ ఆవిడ ముందు నుంచి వెళుతూ, బాగున్నావుగా అత్తా అది చాల్లే అన్నారు. ఎవరూ దెప్పలేదు. ఒక ముసలాయన దగ్గుతూ, మోకాళ్లు పట్టుకుని వెళ్లాడు. ఆయన కూడా తన కోసమే దిగాడు. ఆవిడ తల ఎత్తలేదు, వస్తున్న కాళ్లను మాత్రమే చూస్తోంది.

కాళ్లు రావడం ఆగిపోయింది. పెద్ద గార్డు లైటు బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పాడు. ఆవిడ రబ్బరు చెప్పులు ఒక చివర ఉన్నాయి. రెండో చివర ఒక జత నల్ల బూట్లు. జత చేసి, మడమలు సముద్రం వైపు పెట్టి ఉన్నాయి.

ఇవి ఎవరివి అన్నాడు గార్డు. బూట్లతో సముద్రానికి ఎవరొస్తారు అన్నారొకరు. ఊళ్లో ఇలాంటివి ఎవరికీ లేవు, ఎవరో కొత్తవాళ్లవి, మరిచిపోయి వేరేవి వేసుకుపోయుంటారు అన్నారు ఇంకొకరు. గుంపులోంచి ఇందాకటి పొడుగాటి మనిషి ముందుకొచ్చాడు. ఈ బూట్లు వేసుకున్నాయనను తను చూశానన్నాడు. ఈవిడ కోసం వెతుకుతున్నారని చెప్పగానే ఆయన మొహం పాలిపోయిందట. మాట్లాడకుండా బూట్లు విప్పి, బోర్డు కూడా తీసుకోకుండా అలల్లోకి నడిచాడట. తెల్ల చొక్కా అని మాత్రం గుర్తుందన్నాడు.

గార్డు ఒక బూటు తీసి తిరగేశాడు. అడుగున సైజు చీటీ. సగం తడిసి, అంచు లేచి, ఇంకా అంటుకునే ఉంది.

చెప్పులత్త ఆ చీటీని గుర్తుపట్టింది. నీళ్లలో దిగడానికి భయపడే మనిషి అన్నది తనే. ఆ మాట అన్నాక తను లేచి వచ్చేసింది. తర్వాత ఆయనకు హారన్ వినబడింది, బల్ల మీద తన చెప్పులు కనబడ్డాయి. ఆవిడ ఇందాకటిదాకా నాతోనే ఉందని నలుగురికీ చెప్పొచ్చు. చెప్పలేదు. ఆవిడ పరువు కోసం చెప్పలేదు. ఎన్నడూ మోకాలి లోతు దాటని మనిషి, పరువు ఆవిడకు వదిలేసి, తను నీళ్లలోకి పోయాడు.

చెప్పాలి. ఈ క్షణమే చెప్పాలి. గార్డు బూటు పట్టుకుని మొహాలన్నీ చూస్తున్నాడు. కూతురు చూస్తోంది. ఒక్క పేరు చెబితే ఈ రాత్రి కథంతా ఒడ్డున పడుతుంది, చీర ఎవరి కోసమో, తలనొప్పి ఎవరి కోసమో, దొంగదారులు ఎన్నాళ్ల నుంచో. ఒక్క ఊపిరి పీల్చి వదిలేంత సేపు ఆవిడ ఊరుకుంది. ఆ ఊపిరి నీళ్లలో ఉన్న మనిషికి ఎంత ఖరీదో తెలిసి కూడా ఊరుకుంది. బతికినన్నాళ్లూ ఆవిడ తనను తాను క్షమించుకోలేనిది ఏదైనా ఉంటే, అది డాన్సు కాదు, ఇది.

"అవి బోర్డు మేస్త్రీవి" అంది.

గార్డు నమ్మలేనట్టు చూశాడు. గుంపులో ఎవరో అలవాటుగా నవ్వబోయి ఆగిపోయారు. మేస్త్రీ నీళ్లలో దిగడమేమిటి?

"ఆయనవే. సాయంత్రం నుంచి నాతోనే ఉన్నాడు. ఇద్దరం కలిసి డాన్సు చేశాం. నేనే అనరాని మాట అని వచ్చేశాను." గార్డు చెయ్యి పట్టుకుని కుదిపింది. "ఆయనకు ఈత రాదు నాయనా. నిలబడి చూస్తావేంటి, హారన్ కొట్టు."

హారన్ మోగింది. పడవ మళ్ళీ తిరిగింది. చెప్పులు తొడుక్కున్నవాళ్లు ఒక్క క్షణం ఒకరినొకరు చూసుకున్నారు. అలిసిపోయి ఉన్నారు, అల ఇందాకటి కన్నా పెద్దదైంది. ముందుగా ఎవరూ కదల్లేదు.

కూతురు వచ్చింది. తల్లి మొహం వైపు చూడలేదు. బల్ల ముందు నిలబడి, ఇప్పుడే తొడుక్కున్న చెప్పులు మళ్ళీ విప్పి, మేస్త్రీ బూట్ల పక్కన జత చేసి పెట్టింది. బోర్డు చంకలో పెట్టుకుని నీళ్లలోకి నడిచింది.